నాటకం ఆడించే పిల్లకు చదువేదీ?

మొన్న మాఘమాసంలో మా పెద్దన్న కూతురికి ఓ సంబంధం వచ్చింది. చూపులు గౌలిపురాలో మా అన్న వాళ్ళింట్లోనే. మా వదిన తెల్లవారుజామునే లేచి గారెలు, సేమ్యా పాయసం చేసింది. అబ్బాయి తల్లి మంచి మనిషే, మాటా మన్ననా తెలిసినావిడే. గారె తుంచుకుంటూ అడిగింది.

"పిల్ల ఏం చదివింది వదినా?"

"ఎం.పి.ఏ." అంది మా వదిన, నోట్లో మాట నోట్లోనే.

"ఎం.బి.ఏ.నా! మంచిగైంది. మావోడు గూడ ఎం.బి.ఏ.నే."

ఒక్క అక్షరం తేడా. మా అన్న గోడమీది క్యాలెండరు చూస్తున్నాడు. వదిన నా వంక చూసింది. నేను పాయసం గిన్నె వంక చూశాను. అబద్ధం మేమెవరం ఆడలేదు. దానంతటది వచ్చింది, పోనీలే అని కూర్చోబెట్టాం, అంతే. చివరికి పిల్లే నోరు విప్పింది.

"ఎం.బి.ఏ. కాదాంటీ, ఎం.పి.ఏ. నాటకం మీద పి.జి. చేసిన. నాటకాలు ఆడిస్త."

"ఆడతవా, ఆడిస్తవా?"

"ఆడిస్త."

"దానికి గూడ చదువుంటదా బిడ్డా?" అందావిడ. వెటకారం కాదు, నిజంగానే ఆశ్చర్యం.

"లేదాంటీ. అదే బాధ" అంది మా పిల్ల.

పాయసం బాగుందని చెప్పి వెళ్ళారు. మళ్ళీ కబురు లేదు. మా అన్న నాలుగు రోజులు కూతురితో మాట్లాడలేదు. సంబంధాలు వస్తాయి, పోతాయి, దాని సంగతి వదిలేయండి. ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. దానికి కూడా చదువుంటుందా?

నాటకం ఆడించడమంటే ఏమిటో మొన్నమొన్నటిదాకా నాకూ తెలీదు. నేను కోఠీ ఉమెన్స్ కాలేజీలో బి.ఏ. చదివేటప్పుడు రెండు నాటికల్లో వేశాను. తెర వెనక ఎవరున్నారో ఏనాడూ చూసుకోలేదు. కుర్చీలు వాటంతటవే వచ్చాయనుకున్నాను. మైకు కాలేజీదే అనుకున్నాను. ఇప్పుడు మా పిల్ల ఎర్ర అట్ట ఖాతా పుస్తకం ఒకటి పెట్టుకుంది, మన గల్లీ కిరాణాషాపులో ఉద్దెర రాసుకునేలాంటిది. ఓ మధ్యాహ్నం అది చదువుతూ కూర్చుంటే నా కళ్ళు తిరిగాయి.

హాలు అద్దె, డిపాజిట్. డిపాజిట్ తిరిగి ఎప్పుడొస్తుందో ఎదురుగా ఓ ప్రశ్నార్థకం. లైట్లు అద్దెకిచ్చే ఆయనకు అడ్వాన్సు. సెట్టు సామాను మోసే ట్రాలీ ఆటో, పోనూ రానూ. పన్నెండు మందికి నలభై రోజుల రిహార్సల్ చాయ్. పోలీసు పర్మిషన్ కాగితం. నాటకంలో ఓ పాత సినిమా పాట పదిహేను సెకన్లు వినపడితే దానికి లైసెన్సు ఎవరి దగ్గర తీసుకోవాలో ఓ పేజీ. రచయిత బతికుంటే అనుమతి ఆయన దగ్గర, పోతే పిల్లల దగ్గర. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళదాకా హక్కు వారసులదేనట. నాటకం టిక్కెట్టు 500 రూపాయలు దాటకపోతే జి.ఎస్.టి. ఉండదని ఎర్ర ఇంకుతో రాసుకుంది. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో ఉన్న పెద్ద కంపెనీలు నూటికి రెండు రూపాయలు సమాజానికి ఖర్చు పెట్టాలి కదా, ఆ జాబితాలో కళలూ సంస్కృతీ కూడా ఉన్నాయని ఇంకోచోట. దాని కిందే, "వీళ్ళు అడిగితే ఇస్తారు, కానీ అడగడానికి మన సంస్థకు రిజిస్ట్రేషన్ లేదు" అని.

ఆ పేజీలు చూశాక అనిపించింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు నాటకం ఆడించి చూడు అనడం మరిచిపోయారని!

సినిమాకైతే ఈ పని చేసేవాణ్ణి నిర్మాత అంటాం. కారూ, కూలింగ్ గ్లాసులూ కళ్ళముందు కదులుతాయి. నాటకానికి? మన పద్యనాటకాల కాలంలో ఆ మనిషికో మాట ఉండేది, కాంట్రాక్టరు అని. కృష్ణుడు ఒక ఊరినుంచి, అర్జునుడు మరో ఊరినుంచి, హార్మోనియం ఇంకో ఊరినుంచి, ఎవరి రేటు వాళ్ళకు మాట్లాడి, బయానా ఇచ్చి, ఫలానా రాత్రి ఫలానా పందిట్లో అందర్నీ నిలబెట్టేవాడు కాంట్రాక్టరే. నటుల పద్యాలు మనకు గుర్తున్నాయి. స్థానం నరసింహారావుగారు చీర కట్టి సత్యభామగా వేస్తే ఆడవాళ్ళే ఆశ్చర్యపోయారని చెప్పుకుంటాం. కాంట్రాక్టర్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు. ఉన్నంతలో వాళ్ళందరూ మగవాళ్ళే.

ఇప్పుడా పని ఆడపిల్లలు చేస్తున్నారు. అక్కడే నాకు మంట. మగవాడు చేసినప్పుడు అది కాంట్రాక్టు, ఆడపిల్ల చేస్తే అది "సహకారం". నేను అతిశయోక్తిగా అనడంలేదు. మా పిల్ల మూడేళ్ళుగా పనిచేస్తున్న ఓ బృందం వాళ్ళ కరపత్రం నా దగ్గరుంది. రచన, దర్శకత్వం, సంగీతం, లైటింగు, రంగాలంకరణ, మేకప్... అన్నిటికీ పేర్లున్నాయి. అన్నిటికన్నా కింద, చీమంత అక్షరాల్లో "సహకారం" అని మా పిల్ల పేరు, పక్కన ఆ రోజు టీలు అందించిన అబ్బాయి పేరు. హాలు బుక్ చేసింది తను, డబ్బు పోగుచేసింది తను, ప్రధాన పాత్ర వేసే అతను ప్రదర్శనకు రెండు రోజుల ముందు అలిగి వెళ్తే ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో మాట్లాడి వెనక్కి తెచ్చింది తను. జీతం అడిగితే, "నువ్వు మన మనిషివి కదమ్మా" అన్నారట. మన మనిషి! ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ మీకు?

ఆడవాళ్ళకు మేనేజ్‌మెంటు పుట్టుకతో వచ్చిందని సభల్లో అంటుంటారు. ఇంటి బడ్జెట్టు నడిపే గృహిణి ఆర్థికమంత్రితో సమానమని మహిళా దినోత్సవం రోజున మాకు చప్పట్లు కొడతారు. ఈ పొగడ్త నాకు ఒక్కనాడూ రుచించలేదు. పుట్టుకతో వచ్చినదానికి ఎవరూ జీతం ఇవ్వరు. నేర్చుకుని వచ్చినదానికే ఇస్తారు. అందుకే ఈ పనికి ఓ చదువుండాలి అంటున్నాను. తెలివి పెరుగుతుందని మాత్రమే కాదు, ఆ పనికి ఓ పేరు, ఆ పేరుకో రేటు ఏర్పడుతుందని.

ఈ విషయంలో నా సొంత బాధ కూడా ఒకటుంది. ఎనిమిదేళ్ళ కిందట నా కథ ఒకటి వారపత్రికలో వచ్చింది. ఏడాది తర్వాత కోస్తాలో ఉన్న మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసి, "నీ కథ నాటిక వేశారే, బహుమతి కూడా వచ్చింది, చెప్పనేలేదేం?" అని నిష్టూరమాడింది. నాకే తెలియనిది ఆమెకేం చెప్పను? నంబరు పట్టుకుని ఆ సమాజం వాళ్ళకు ఫోన్ చేశాను. "అమ్మా, మీ కథను పదిమందిలోకి తీసుకెళ్ళాం, సంతోషించాలి గానీ" అన్నాడాయన. నా పేరు వేశారా అంటే, "కథనం మార్చాం కదమ్మా" అన్నాడు. వాళ్ళు దుర్మార్గులని నేననుకోను. అడగాలని వాళ్ళకెవరూ నేర్పలేదు. వాళ్ళల్లో అడగడమే పనిగా ఉన్న మనిషి ఒక్కరూ లేరు. మా పిల్ల ఖాతా పుస్తకంలో రచయిత అనుమతికి ఓ పేజీ చూసినప్పుడు నా మనసు ఎందుకు కదిలిందో ఇప్పుడు తెలిసింది కదా!

పాతబస్తీలో పుట్టి పెరిగినదానికి ఇవన్నీ కొత్తేమీ కాదని మా అన్న వాదన. "బోనాలు చూస్తలేమా? ఏ డిగ్రీ చదివి చేస్తున్నరు మా పోరగాళ్ళు?" అంటాడు. ఆ మాటలో నిజముంది. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని గుడి దగ్గర ఆదివారం బోనాలు, సోమవారం ఘటాల ఊరేగింపు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద అంబారీలో చార్మినార్ మీదుగా నయాపూల్ దాకా వెళ్తుంది. మొహర్రం పదో రోజున డబీర్‌పురా బీబీకా అలావా నుంచి బీబీకా ఆలం కూడా ఏనుగు మీదే చాదర్‌ఘాట్‌కి వెళ్తుంది. మన ఊళ్ళో ఏనుగు దొరక్క పక్క రాష్ట్రం నుంచి తెప్పించుకున్న ఏళ్ళున్నాయి. రెండు పండుగల వాళ్ళదీ ఒకటే తంటా! ఏనుగుకి అనుమతి, కరెంటు తీగలు తీయించడం, దారిపొడుగునా నీళ్ళు, పోలీసులతో మాట, తప్పిపోయిన పిల్లల కోసం మైకు, చందాలు, చందాల లెక్కలు. ఇంతకు మించిన ప్రొడక్షను ఏ కాలేజీలో నేర్పుతారు?

నిజమే అన్నా. కానీ అది ఏడాదికోసారి, మొక్కుబడి. దేవుడి పనికి జీతమెవరూ అడగరు. ఆ కమిటీల్లో మన ఆడవాళ్ళెంతమంది? బోనం ఎత్తేది మనం, కమిటీ బ్యానరు మీద ఫోటోలు వాళ్ళవి.

మా ఎదురింటి ఖాలాకి డెబ్బై అయిదు దాటాయి. నాటకం మాటెత్తితే చాలు, ఆమె కళ్ళల్లో "అద్రక్ కే పంజే" మెరుస్తుంది. బబ్బన్ ఖాన్ మన హైదరాబాదు మనిషే. ఎనిమిది మంది పిల్లల్ని కన్న ఓ చిన్న గుమాస్తా సంసారాన్ని దక్కనీ యాసలో నాటకం చేసి 1965లో మొదలుపెట్టి 2001 దాకా ఆడాడు. గిన్నిస్ పుస్తకంలోకెక్కాడు. రాసింది తనే, ఆడింది తనే, ఆడించుకుందీ తనే. పెళ్ళయిన కొత్తలో మొగుడు తీసుకెళ్తే చూసి, నవ్వి నవ్వి కడుపు నొప్పొచ్చిందని ఖాలా చెప్తుంది. నవ్విన తర్వాత ఇంటికొచ్చి ముగ్గురితో ఆపేసిందట! నాటకం ఏం చేస్తుందని అడిగేవాళ్ళకు ఆమె ఇచ్చే జవాబు అది. మా పిల్ల ఖాలాని అడిగే ప్రశ్న వేరు. "టిక్కెట్టు ఎంతుండె ఖాలా? ఎక్కడ కొన్నరు? ముందువరస ఎవరికిచ్చిండ్రు?" పిచ్చిపిల్ల అనుకునేదాన్ని. కాదు, తను వెతుకుతున్నది అదీ. ముప్పై ఆరేళ్ళు ఒక నాటకం నిలబడిందంటే హాస్యం ఒక్కటే కారణం కాదు, లెక్క కూడా నిలబడి ఉండాలి. ఆ లెక్క ఎలా నిలబెట్టారో ఏ క్లాసులోనైనా పాఠంగా చెబుతారా? బబ్బన్ ఖాన్ తర్వాత ఆ కిటుకు ఎవరికి అందింది?

సురభి వాళ్ళ సంగతి ఇందుకు తారుమారు. అక్కడ కిటుకు కుటుంబంలోనే అందుతూ వచ్చింది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధతో మొదలుపెట్టారు. మిగతా సమాజాల్లో మగవాళ్ళు ఆడవేషాలు కడుతున్న రోజుల్లో సురభిలో ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టారు. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి, సురభి కమలాబాయి. చంటిపిల్లను తెరవెనక ఉయ్యాలలో పడుకోబెట్టి రంగం మీదకెళ్ళి పద్యం చదివొచ్చిన తల్లుల గురించి విన్నాం. అక్కడ పిల్లలకు వేరే బడి అక్కర్లేదు. తీగ మీద రథం ఎలా లేస్తుందో, టిక్కెట్లు ఎన్ని తెగితే రాత్రి బియ్యం వస్తాయో రెండూ ఒకేసారి నేర్చుకుంటారు. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని మన కాలందాకా నడిపిన రేకందార్ నాగేశ్వరరావు (బాబ్జీ) గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు వాళ్ళు ఫ్రాన్సు వెళ్ళి మాయాబజార్ ఆడి వచ్చారు. ఆయన 2022లో పోయారు. కుటుంబమే విశ్వవిద్యాలయమైనప్పుడు వచ్చే చిక్కు ఇదే. అందులో పుట్టనివాళ్ళకు సీటుండదు. గౌలిపురాలో ఆర్టీసీ గుమాస్తా ఇంట్లో పుట్టిన పిల్ల ఎక్కడికెళ్ళాలి?

యూనివర్సిటీకి వెళ్ళింది. మనకు అవి లేకపోలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూలు 1988 నుంచీ ఉంది, రంగస్థల కళల్లో రెండేళ్ళ పి.జి. ఉంది. 1985లో పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయంలో (ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టారు) రంగస్థల శాఖ ఉంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో ఉంది. ఢిల్లీలో 1959 నుంచీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది, చదువుకునే పిల్లలకు నెలనెలా భత్యం కూడా ఇస్తారు. వీటిల్లో చదివినవాళ్ళు మంచి నటులయ్యారు, దర్శకులయ్యారు, సినిమాల్లోకి వెళ్ళారు, పంతుళ్ళయ్యారు. తక్కువచేసి మాట్లాడే అర్హత నాకు లేదు. అయితే ఈ చదువులన్నీ నటన, దర్శకత్వం, డిజైను, ఈ మూడు స్తంభాల చుట్టూ అల్లుకున్నవే. ఆ నాటకాన్ని జనం దగ్గరికి చేర్చి, జనం డబ్బును నాటకం దగ్గరికి తెచ్చే మనిషిని తయారుచేయడమే పనిగా పెట్టుకున్న పి.జి. కోసం మా పిల్ల ఆర్నెల్లు వెతికింది. మన దగ్గర ఒక్కటీ దొరకలేదు.

వెతుకులాటలో తేలినవి రెండు. ఇండియా థియేటర్ ఫోరం, ముంబైలోని జునూన్, బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ద ఆర్ట్స్, ఈ మూడూ కలిసి నాటక బృందాలు నడిపేవాళ్ళ కోసం "స్మార్ట్" అనే శిక్షణ నడిపాయి. సరిగ్గా కావలసినదే, కానీ డిగ్రీ కాదు, అప్పటికే బృందం నడుపుతున్నవాళ్ళకు. రెండోది లండన్. అక్కడ రాయల్ సెంట్రల్ స్కూల్లో "క్రియేటివ్ ప్రొడ్యూసింగ్" అని అచ్చంగా ఈ పనికే మాస్టర్స్ ఉంది. న్యూయార్కులో కొలంబియా యూనివర్సిటీలో నాటక నిర్వహణ, నిర్మాణం కలిపి పి.జి. ఉంది. అమ్మాయి లండన్‌ది పట్టుకుంది. ఫీజు, గది అద్దె, తిండి, వీసా అన్నీ కలిపి తన ఎర్ర పుస్తకంలోనే లెక్కవేసింది. నలభై లక్షలు.

అన్న రిటైర్మెంటుకి నాలుగేళ్ళుంది. బాలాపూర్‌లో ఓ ప్లాటుంది, అది పిల్ల పెళ్ళికని పెట్టింది. "పెళ్ళికి పెట్టేది చదువుకి పెట్టు, తప్పేంది బాపూ?" అని పిల్ల. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు. రచయిత్రిని కదా, పిల్ల పక్షం మాట్లాడతాననుకున్నారు ఇద్దరూ.

నేను వద్దన్నాను.

ఆ రోజు పిల్ల నా వంక చూసిన చూపు మర్చిపోలేను. నా కారణం చెబుతాను, తప్పయితే మీరే దిద్దండి. అప్పు భయం ఒక్కటే కాదు. అక్కడ చదువు అక్కడి నాటకానికి పుట్టింది. వాళ్ళకు ప్రభుత్వం తరఫున గ్రాంట్లిచ్చే ఆర్ట్స్ కౌన్సిల్ ఉంది, ఏడాది పొడుగునా నాటకాలే ఆడే థియేటర్లున్నాయి, టిక్కెట్టు కొనడం అలవాటైన జనముంది. మన పరిషత్తు పోటీలకు వెళ్ళి చూడండి. ప్రవేశం ఉచితం, వచ్చినవాళ్ళకు అదే ఘనత. మన బంధువులకు నాటకమంటే పాసు. "రెండు పాసులు పెట్టమ్మా" అంటారేగాని రెండు టిక్కెట్లియ్యమ్మా అని ఎవరంటారు? నేనూ అడిగాను పాసులు, సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను. సొంత అత్తకు టిక్కెట్టు అమ్మడం ఎలాగో లండన్‌లో చెప్పరు. అది ఇక్కడే కనిపెట్టాలి.

కనిపెట్టినావిడ మన పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. 1990లో కారు ప్రమాదంలో శంకర్ నాగ్ పోయాక ఆయన భార్య అరుంధతీ నాగ్ బెంగళూరులో నాటకానికి ఓ ఇల్లు కట్టాలని పట్టుబట్టారు. ప్రభుత్వాన్ని అడిగి స్థలం, కంపెనీలనూ అభిమానులనూ అడిగి డబ్బు. ఏళ్ళు పట్టింది. 2004లో "రంగశంకర" తెరిచారు. రోజుకో నాటకం అన్నది వాళ్ళ లక్ష్యం. ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వరు, ఎంతటివాళ్ళయినా. అంతకు ముందు ముంబైలో 1978లో పృథ్వీ థియేటరును శశికపూర్‌తో కలిసి నిలబెట్టింది జెన్నిఫర్ కెండల్, తర్వాత ఏళ్ళతరబడి నడిపింది కూతురు సంజనా కపూర్. మన ఊళ్ళో కాదిర్ అలీ బేగ్ గారి పేరు మీద 2005లో కొడుకు మొహమ్మద్ అలీ బేగ్ పెట్టిన ఫౌండేషన్‌కు తల్లి బేగం రజియా బేగ్ వెన్నుదన్ను. గోల్కొండ కోటలో కులీ కుతుబ్‌షా కథ ఆడించారు వాళ్ళు. చూశారా, ఎక్కడ చూసినా ఆడవాళ్ళే! కానీ గమనించండి, వీళ్ళందరూ నాటకం వాళ్ళ ఇళ్ళల్లోనో, నాటకం వాళ్ళను చేసుకునో ఈ పనిలోకి వచ్చినవాళ్ళే. మళ్ళీ మా గుమాస్తా కూతురి దగ్గరికే వచ్చాం.

అయితే లండన్ వద్దన్నదానివి, ఇక్కడేముందో చూపించు అని మీరడగొచ్చు. పిల్ల కూడా అదే అడిగింది. "అత్తా, ఇక్కడుంటె నేను పోతనా?" జవాబు లేక ఆ రాత్రి నిద్రపట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మన విశ్వవిద్యాలయాల్లో ఏదో ఒకటి, నాటక నిర్మాణం మీద ఏడాది పి.జి. డిప్లొమా ఒకటి పెట్టరాదా? కొత్త భవనం అక్కర్లేదు. ఆబిడ్స్‌లో సరోజినీదేవి పుట్టింటివారి గోల్డెన్ థ్రెషోల్డ్ ఉంది, హైదరాబాదు విశ్వవిద్యాలయం పుట్టిందే అక్కడ. గచ్చిబౌలి అంటే పాతబస్తీ ఆడపిల్లకు పోనూ రానూ మూడు నాలుగు గంటలు. ఆబిడ్స్ అయితే అఫ్జల్‌గంజ్ దాటితే వచ్చేస్తుంది. గౌలిపురా పిల్ల, డబీర్‌పురా పిల్ల, ఇద్దరూ ఒకే సిటీబస్సులో వెళ్ళొచ్చు. ఆర్నెల్లు క్లాసు. చట్టాలు, లెక్కలు, గ్రాంటు దరఖాస్తు రాయడం, కాంట్రాక్టు కాగితం రాయడం, తగువు తీర్చడం. (ఆఖరిది చాలా ముఖ్యం. నటులతో వేగడం పసిపిల్లలతో వేగడం కంటే కష్టమని మా పిల్ల ఉవాచ.) మిగతా ఆర్నెల్లు పనిలో. ఓ నెల సురభి డేరాలో టిక్కెట్ల దగ్గర, ఓ పరిషత్తులో, ఓ నెల రంగశంకరలో, ఆషాఢం వస్తే బోనాల కమిటీలో. మా అన్న మాట కూడా నిలబెట్టినట్టుంటుంది. ఎం.బి.ఏ. చెప్పే పంతులు, ఎం.పి.ఏ. చెప్పే పంతులు ఒకే గదిలోకి రావాలి, అంతే. ఆ ఒక్క అక్షరం దూరం దాటడానికి ఇన్నేళ్ళెందుకు పట్టాలి?

ఉద్యోగాలేవని అడిగేవాళ్ళుంటారు. అడగాల్సిందే. నాటక బృందాలు ఇవాళ జీతాలివ్వలేవు, ఆ సంగతి నేను దాచను. కానీ ఇదే విద్యతో కాలేజీ ఉత్సవాలు, పుస్తక ప్రదర్శనలు, మ్యూజియంలు, ప్రభుత్వ సాంస్కృతికోత్సవాలు నడపొచ్చు. 2021లో ఆదివారాలు చార్మినార్ దగ్గర బళ్ళు ఆపేసి "ఏక్ షామ్ చార్మినార్ కే నామ్" అని సాయంత్రాలు జరిపారు, పాటలు, బ్యాండు, జనం. అదంతా ఎవరో ఒకరు ఆడించినదేగా. మా గల్లీ పిల్లలు ప్రేక్షకులుగా వెళ్ళొచ్చారు. వాళ్ళల్లో ఒక్కరైనా ఆ వేదిక వెనక జీతానికి నిలబడి ఉంటే నాకెంత బాగుండేది!

ఈ డిప్లొమా రేపే వస్తుందన్న భ్రమ నాకు లేదు. ఈలోగా రిహార్సలు తొమ్మిదిన్నరకు అయిపోతుంది. పిల్ల మెట్రోలో ఎం.జి.బి.ఎస్. దాకా వస్తుంది. వద్దు వద్దంటున్న మా అన్నే స్కూటరు వేసుకుని స్టేషను మెట్ల దగ్గర నిలబడతాడు, వాన పడినా సరే. దారిలో ఇద్దరూ మాట్లాడుకోరట. ఒక రోజు మాత్రం మదీనా దగ్గర ఆపి, "ఈసారి టిక్కెట్లెన్ని తెగినయ్?" అని అడిగాడట. "డెబ్బైరెండు" అంది పిల్ల. "పోయినసారి కంటె ఎక్కువనే" అన్నాడట. వాళ్ళ నాన్నకు పోయినసారి లెక్క గుర్తుందని పిల్ల నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

పోయిన ఆదివారం మా ఇంటికొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందటి నా కథను మళ్ళీ నాటిక చేస్తారట, ఈసారి తనే ఆడిస్తుంది, బృందం పేరు కాదు, తన పేరే పైన. సంచిలోంచి కాగితం తీసింది. ఇన్ని ప్రదర్శనలకు, ఇంత కాలానికి, రచయిత్రి పేరు ప్రతి కరపత్రంలో అని అన్నీ రాసుంది. రెండు వేల రూపాయలు చేతిలో పెట్టి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుంది. "మన మనిషివి కదే, డబ్బులెందుకు" అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఎర్ర పుస్తకంలో "రచయిత్రికి 2,000" అని ఎక్కించింది. కింద లైట్లు, ట్రాలీ, చాయ్. అన్నిటికీ అంకెలున్నాయి. ఆఖరి వరుసలో తన పేరుంది. ఎదురుగా గీత గీసి, ఇంకా ఏమీ రాయలేదు.